దండ వేసిన ఫొటోలో నేను

ఈ ఉదయం పాల ప్యాకెట్లు మా గుమ్మం ముందు లేవు. పాలతను వాటిని ఒక సంచిలో వేసి, గేటుకు తగిలించి వెళ్ళిపోయాడు. చావు జరిగిన ఇంటి గడప దాకా రాకూడదనుకున్నాడు. ఆ చావు నాదే.

కనుక ముందుగా ఇది తెలియజేస్తున్నాను. హిమజ అనే నేను, కీర్తిశేషులు హన్మయ్య గారి కూతురిని, ఇరవై ఆరేళ్ళ వయసుదాన్ని, నాచారం నివాసిని, ఒక స్కూలు లైబ్రరీలో ఉద్యోగం చేస్తున్నదాన్ని, ఈ రోజుకు బతికే ఉన్నాను. నా మతి స్థిమితంగా ఉంది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, భయపెట్టలేదు. భయం నా సొంతం. సోమవారం ఉదయం నా గుండెలో ఒక వాల్వు మార్చబోతున్నారు. అక్కడి నుంచి నేను తిరిగి రాకపోతే అమలు కావలసిన వీలునామా ఇది.

మా వీధిలో సగం మంది నేను పోయాననే అనుకుంటున్నారు. అది ఎలా జరిగిందో రాయకపోతే కింది షరతులు అర్థం కావు.

సినిమా నటుడు బుచ్చిబాబు గారు పోయిన వారం చనిపోయారు. నలభై ఏళ్ళుగా ఆయన దాదాపు ప్రతి సినిమాలోనూ చనిపోతూనే ఉన్నారు. విలన్‌గా కొండ మీది నుంచి పడి, తండ్రిగా దగ్గుతూ, మామగా అల్లుడి ఒళ్ళో. మా నాన్న ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఆయనకు అభిమాన సంఘం పెట్టాడు. ఆ సంఘానికి ఒక ఆచారం ఉంది. తెర మీద ఆయన కన్నుమూయగానే, ఫ్యాక్టరీ పారేసిన ఇత్తడి షిఫ్ట్ గంట ఒకటి హాల్లో కొట్టి, "షిఫ్ట్ అయిపోయింది బుచ్చన్నా, లే, ఇంటికి పోదాం" అని అరుస్తారు. ప్రతి చావుకూ ఉప్పల్ చౌరస్తాలో నివాళి ఫ్లెక్సీ కడతారు. మధ్యలో దండ వేసిన పెద్ద ఫొటో, కింద వరుసగా ఏడ్చే అభిమానుల చిన్న ఫొటోలు.

ఈసారి ఆయన నిజంగానే పోయారు. ఆచారం మారలేదు. చౌరస్తాలో గంట కొట్టారు. "నలభై ఏండ్లు రిహార్సల్ జేసి ఫస్ట్ టేక్‌లనే ఓకే జేసిండు మామా" అని ఒకరు. "యముడు కొత్తోడు రా, కట్ చెప్పుడు మర్సిపోయిండు" అని ఇంకొకరు. "పైన ఓవర్‌టైమ్ ఉంటదా అన్నా?" అని ఇంకా ఎవరో. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అందరూ నవ్వుతున్నారు. నేను బస్‌స్టాప్‌లో నిలబడి విన్నాను.

నాన్న స్థానంలో అభిమానుల వరుసలో నా ఫొటో కావాలన్నారు సంఘం వాళ్ళు. హాస్పిటల్ ఫైలు కోసం తీయించుకున్నది ఇచ్చాను. ఫ్లెక్సీ కొట్టిన రమేష్ బావ, మా మేనమామ కొడుకు, హడావిడిలో రెండు ఫొటోలూ తారుమారు చేశాడు. దండ నాకు పడింది. బుచ్చిబాబు గారు కింద అభిమానుల మధ్య చేతులు జోడించి నన్ను చూసి ఏడుస్తున్నారు.

ఇక షరతులు.

1. మా అమ్మ కౌసల్యమ్మకు నా కమ్మలు, నా స్కూటీ, నాకు ఉద్యోగం వల్ల రావలసినవన్నీ చెందుతాయి. స్కూటీ ఆమె నడపదు. అమ్మకూడదని మాత్రం అనుకుంటుంది. అమ్మేయాలి.

సోమవారం అమ్మ కూడా సంతకం చేస్తేనే నన్ను లోపలికి తీసుకెళ్తారు. ఫ్లెక్సీ చూసినప్పటి నుంచి అమ్మ చెయ్యనంటోంది. "దండ వడ్డ ముఖాన్ని కత్తి కిందికి ఎట్ల తోల్తనే బిడ్డా? గీ ఏడు ఎల్లనీ." నేను సర్దిపెట్టుకున్న దవాఖానా సంచిని నిన్న విప్పి, బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టింది. నేను మళ్ళీ సర్దాను. ఏడాది ఆగితే మార్చడానికి వాల్వు ఉంటుంది, మార్పించుకోవడానికి నేను ఉండనని డాక్టరు గారు చెప్పారు. మెట్రో మెట్లు సగం ఎక్కి ఆగిపోతున్నాను. డాక్టరు గారి మాట అమ్మకు చెప్పాను. దండ సంగతే పెద్దదిగా ఉంది ఆమెకు.

అందుచేత స్పష్టంగా రాస్తున్నాను. అమ్మ సంతకం చేసి, నేను తిరిగి రాకపోతే, ఆ సంతకం వల్ల నేను చావలేదు. ఈ వాక్యాన్ని ఆమెకు చదివి వినిపించాలి. ఒకసారి చాలదు.

2. రమేష్ బావను ఈ వీలునామా అమలు చేసే బాధ్యుడిగా నియమిస్తున్నాను. తప్పు తెలిసిన రోజు వచ్చి గుమ్మం బయటే నిలబడి, "సారీ మరదలా, రెండు ఫొటోలు ఒక్క ఫోల్డర్ల ఉండె. తెల్లారి లేసి సూసేవరకు నువ్వు పోయినవ్" అన్నాడు. తర్వాత తను అన్నది తనకే వినబడి తల పట్టుకున్నాడు. అతనికి నా ఇంకో ఫొటో ఇస్తున్నాను. అందులో నవ్వుతున్నాను. ఇంకో ఫ్లెక్సీ కొట్టక తప్పకపోతే అది వాడాలి. కింద చిన్న ఫొటోలు వద్దు. ఎగిరే పావురాల బొమ్మలు వద్దు. పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం చాలు.

3. సంఘం అధ్యక్షుడు శివన్నకు ఆ ఇత్తడి గంట శాశ్వతంగా చెందుతుంది. అది నాన్న సొత్తు కనుక ఇన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంది, అడిగినప్పుడల్లా ఇచ్చాం. నాన్న చితి దగ్గర శివన్న ఆ గంట కొట్టి, "షిఫ్ట్ అయిపోయింది హన్మన్నా, లే" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. ఆ కోపం ఇంకా ఉంది. దాన్ని ఎవరికీ రాసివ్వడం లేదు.

ఫ్లెక్సీ దించమని అడగడానికి అతని దగ్గరికి వెళ్ళాను. "ఉండనియ్ చెల్లె. బుచ్చన్న మనతోని నిలబడ్డట్టుంది. గిట్ల ఉత్తగ సచ్చినోళ్ళు నూరేండ్లు బతుకుతరు" అన్నాడు. నేను చదివిన కాన్వెంట్‌లో సిస్టర్లు గొంతు పెంచకూడదని నేర్పారు. పెంచలేదు. తిరిగి వచ్చాను.

నా విషయంలో గంట కొట్టకూడదు. నా షిఫ్ట్ అయిపోలేదు.

4. నా పుస్తకాలన్నీ మా స్కూలు లైబ్రరీకి. భోజనం గంటలో గ్రౌండ్‌కు వెళ్ళకుండా వచ్చి మూల బల్ల దగ్గర కూర్చునే అమ్మాయిలకు వాటిని ముందు ఇవ్వాలి. పేజీలు మడిస్తే తిట్టకూడదు. వాళ్ళు ఎందుకు గ్రౌండ్‌కు వెళ్ళడం లేదని అడగకూడదు.

5. పక్కింటి ఛాయాదేవి గారికి నా తులసి కుండీ. పరామర్శకు వచ్చి, తలుపు తీసింది నేనే అని చూసి, "అయ్యో, ఉన్నవా బిడ్డా" అని మొదలుపెట్టిన ఏడుపు ఆపలేక మొత్తం ఏడ్చి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళారు. ఇంటికి వెళ్ళి తలస్నానం చేశారు. నీళ్ళ చప్పుడు వినిపించింది.

6. ఫ్లెక్సీ. మొన్న దాని కింద నిలబడి చూశాను. వానకు ఒక కంటి రంగు చెంప మీదికి కారింది. లారీ వెళ్ళినప్పుడల్లా గాలికి ఛాతీ దగ్గర ఉబ్బి, మళ్ళీ లోపలికి పోతోంది. నాకంటే బాగా ఊపిరి తీస్తోంది. పక్కన టీ తాగుతున్న ఒకతను ఫ్లెక్సీని చూసి, నన్ను చూసి, గ్లాసు సగంలో పెట్టి వెళ్ళిపోయాడు. నాకు నవ్వొచ్చింది. సంఘం వాళ్ళు ఎందుకు నవ్వుతారో ఆ ఒక్క క్షణం తెలిసింది, తర్వాత పోయింది.

దాన్ని సోమవారం సాయంత్రం వరకు దించవద్దు. నేను బయటికి వస్తే, మెట్లెక్కే ఊపిరి వచ్చాక, నేనే దించుకుంటాను. రాకపోతే మీకు ఇంకొకటి కొట్టే పని తప్పుతుంది.

7. ఈ కాగితం రమేష్ బావ దగ్గర ఉంటుంది. నేను తిరిగి వస్తే తెరవకుండా నాకు ఇచ్చేయాలి. రాకపోతే అమ్మకు ఒకటో షరతు మాత్రం చదివి వినిపించాలి. మిగతాది చూపించకూడదు.

పై విషయాలన్నీ నా చేతితో రాసి, చదువుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

నాచారం, 14 నవంబరు 2025, శుక్రవారం.

(సంతకం) హిమజ

సాక్షులు:

నరేన్, మా స్కూలులో లెక్కల మాస్టారు, ఉప్పల్.

స్వర్ణలత, స్టాఫ్ నర్సు, నాగోల్. బుచ్చిబాబు గారిది గుండెపోటని పేపర్లు రాశాయి. ఇదే వాల్వు మారుస్తుండగా ఆయన ఆపరేషన్ టేబుల్ మీదే పోయారు. ఆ రోజు ఆపరేషన్ థియేటర్‌లో డ్యూటీ ఈమెదే. ఈమె నాకు చెప్పింది, నేను అమ్మకు చెప్పలేదు.