క్వారీ పేజీ

మత్తిగిరి,
జూన్ 4

ప్రియమైన అమ్మకు,

మన ఇంటి పుస్తకం పూర్తయింది. కాగితాలు నేనే మడిచి, నేనే సూదితో కుట్టాను. అట్టకు తాత కంబళి ముక్క అంటించాను. గొర్రె వాసన ఇంకా పోలేదు. లోపల నాన్న మంద మేపిన గుట్టలు, తమ్ముడు ముఖేశ్ ఇంజినీరింగ్ చదువు, నువ్వు బర్గూరు క్వారీలో రాయి కొట్టిన రోజులు. నీ పేజీకి జిగురు పూసి రాతిపొడి చల్లాను, ముట్టుకుంటే గరగరలాడుతుంది. వచ్చే నెల హోసూరులో ప్రదర్శనకు పెడుతున్నారు. ముఖేశ్‌కు ఫొటోలు పంపాను. చూపించాడా?

నీ కూతురు,
భూమిక


బర్గూరు,
జూన్ 12

చిరంజీవి భూమికకు అమ్మ ఆశీస్సులు.

ఫోన్‌లో మాట్లాడితే ఇల్లంతా వింటుంది, అందుకే రాస్తున్నాను. నీ తమ్ముడికి అత్తిముగం సంబంధం కుదిరేలా ఉంది. అమ్మాయి చైత్ర. తండ్రి కృష్ణప్ప భూమి ఉన్న మనిషి. నేను ఏనాడూ కూలికి పోలేదని ముఖేశ్ వాళ్లకు చెప్పేశాడు. ఇప్పుడు నీ పుస్తకం ఫొటోలు చూసి తిండి మానేశాడు. "అక్కకి చెప్పుమ్మా, ఆ ఒక్క పేజీ చించేయమని. ఈడ నా పెండ్లి నిలిచిపోతాది" అంటాడు. చించెయ్యి తల్లీ. ఒక్క పేజీయే కదా.

ఇట్లు,
అమ్మ


మత్తిగిరి,
జూన్ 19

ప్రియమైన అమ్మకు,

చించను. పెద్ద కాగితాన్ని నడిమికి మడిచి, మడత మీద కుట్టు వేస్తాను. ఒక సగం ముందు పేజీ, రెండో సగం వెనక పేజీ. ఒకటి చించితే రెండోదానికి పట్టు ఉండదు, ఊడి చేతికొస్తుంది. నీ క్వారీ పేజీకి రెండో సగం ఎవరిదో తెలుసా? మన ఇంజినీరుగారిదే. కావాలనే అలా కుట్టాను.

నాకు వాడి మీద కన్నా నీ మీదే కోపం. పెళ్లి ఆగితే ఆగనీ. నువ్వు దాక్కోవడం నేను చూడలేను.

భూమిక


బర్గూరు,
జూలై 2

ప్రియమైన భూమికకు,

నీ ఉత్తరం చదివి, దీని పొగరు చూడు అనుకున్నాను. ఆదివారం కృష్ణప్ప వాళ్లు ఇల్లు చూడటానికి వచ్చారు. కాఫీ ఇస్తుంటే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "ఏమమ్మా, ఈ వేలు ఇట్ల వంకరపోయిందే?" అంది. నేను నోరు తెరిచేలోపే ముఖేశ్ "తలుపు సందులో పడింది" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది.

"తలుపూ లేదు గిలుపూ లేదమ్మా. క్వారీలో సుత్తి పడింది. రాయి కొట్టి వీణ్ణి చదివించినాను" అన్నాను.

కృష్ణప్ప సగం కాఫీ అట్లాగే పెట్టి లేచాడు. "పోయి ఆలోచన చేసి చెప్తామప్పా" అని వాడితో అన్నాడు, నా వైపు చూడలేదు. ఇంతవరకూ కబురు లేదు. రాకపోతే మానె. అబద్ధం మీద వేసిన పందిరి ఎన్నాళ్లు నిలుస్తుంది? కొడుకు పెళ్లి అనగానే నా నోరు పడిపోయింది గానీ, నాకు సిగ్గెందుకు?

పేజీ చించొద్దు. కానీ నీతోనూ నాకు తగవుంది. నువ్వు దాని కింద రాసింది ఇప్పుడు ఫొటోలో నిదానంగా చదివాను. "పాపం, గతిలేక రాళ్లు కొట్టింది" అట! గతిలేకే పోయాను, నిజమే. మగవాళ్లకిచ్చే కూలే ఆడవాళ్లకూ ఇస్తే తప్ప సుత్తి ముట్టమని అందరినీ నేల మీద కూర్చోబెట్టింది ఎవరనుకున్నావు? నేనే. మేస్త్రీ కాళ్లబేరానికి వచ్చేదాకా లేవలేదు. మీరిద్దరూ ఒక్కనాడైనా అడిగారా? వాడు నన్ను దాచాడు, నువ్వు నా మీద జాలిపడ్డావు.

ఆ "పాపం" కొట్టెయ్యి. ప్రదర్శనకు నేనూ వస్తున్నాను, నా పేజీ పక్కనే నిలబడతాను.

ఇట్లు,
మునిలక్ష్మమ్మ