చేతులు ముందే కడుక్కొని కూర్చునింది

మంగళవారం రాత్రి, హచ్చొళ్ళి

కళ్ళు ఇంకా మండుతానే ఉండాయి. మధ్యాన్నం మా కొరియా సీరియల్ అయిపోయింది. నేనూ, నా తోడికోడలు సునందా మిరపకాయలకు తొడిమెలు తీస్తా, ఫోను చెంబుకు ఆనించి పెట్టుకొని పదహారు ఎపిసోడ్లూ కలిసే చూసినాము. ఒకరు లేకుండా ఇంకొకరు చూడకూడదని మాట.

ఆఖరికి దాంట్లో పిల్ల వానలో హీరోను బస్టాండులో ఇడిసిపెట్టి పోయింది. చెయ్యి పట్టుకునేదానికి ఎనిమిది ఎపిసోడ్లు తీసుకొని, వదిలిపెట్టేదానికి ఒక్క నిమిషమా! ఏడుపొచ్చి, మరిచిపోయి మిరపకాయల చేత్తోనే కళ్ళు తుడుచుకుంటిని. మంటకు కేకేసినా. సునంద మాత్రం నిమ్మళంగా వేళ్ళతో కళ్ళొత్తుకుంటాంది. ఆ సీను రాకముందే లేచి, సోపు పెట్టి చేతులు కడుక్కొచ్చింది కదా అని అప్పుడు గుర్తొచ్చింది.

"నువ్వు ముందే చూసినావేమే?" అంటిని.

"నిన్ననే చూసేసినా అక్కా. ఉండబట్టలేదు," అనింది. ఫోను ఆపి, "ఆ పిల్ల పోవడమే మేలు. ఎన్ని దినాలని అందరితో సర్దుకుంటాది?" అనింది, నా మొగం చూడకుండా.

సీరియల్ మీద కోపం ఆడికే పోయింది. బళ్ళారిలో సునందా, మా మరిదీ బాడిగ ఇల్లు చూసొచ్చినారని, వేరు కాపురం పెడతారని పోయిన వారం పక్కింటామె చెప్పింది. నేనే ఆమెను తిట్టి పంపిస్తిని, సునంద నాకు చెప్పకుండా ఏమీ చెయ్యదని.