మందుల గది తాళంచెవి

తమ్ముడూ, నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను.

నువ్వు ప్రాణం తీసుకున్నాక తమిళసీమలోని మన కంబంలో ఇంకొందరు అదే దారి పట్టారు. "లోకమంతా ఇట్లే పోతుండారు తాతా. పురుగుల మందు చేతికందకుంటే శానామంది ఆగుతారు" అంది ఆస్పత్రి నర్సమ్మ. అందుకే ద్రాక్షతోటలకు కొట్టే మందులన్నీ ఊరి గదిలో పెట్టి, తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.

ఈ పొద్దున నీ కొడుకు వచ్చాడు.

"సావి ఇయ్యి పెద్నాయనా" అంటూ నా మొలతాడు తాళంచెవి వైపు చెయ్యి చాచాడు.

"కాయ కోసేస్తిమి గదరా, ఇప్పుడు మందెందుకు?"

"సుమ్మా, ఊరికే."

నా మొహం చూడలేదు.

"సావాలనుండాదా రా?" అని అడిగేశాను.

వాడు లేదనలేదు.

వాళ్ళమ్మకూ నర్సమ్మకూ కబురు పంపాను. వాళ్ళు వచ్చేదాకా వాడి చెయ్యి వదలను. ఈ నాలుగు ముక్కలూ ఒంటిచేత్తోనే రాస్తున్నాను.