రోజుకు రెండు నోట్‌బుక్కులు

జూన్ 3

ఆస్పత్రి నుంచి వచ్చి వారమైంది. డాక్టరుగారికి నా చిన్న మనవడి వయసుంటుంది. ఇష్టమైన పని మొదలుపెట్టండి, కానీ కొంచెం కొంచెంగా అన్నాడు. రోజుకు రెండు నోట్‌బుక్కులు, ఇరవై నిమిషాలు, తర్వాత విశ్రాంతి. గుండె దడ వస్తే అక్కడితో ఆపేయాలట. ముప్పై ఎనిమిదేళ్లు లెక్కలు చెప్పినదానికి దగ్గుమందులా చెంచాతో కొలిచి పోస్తున్నాడు.

రిటైరయ్యాక కూడా ప్రైవేటు స్కూల్లో చెబుతూ పోయిన ఏడాది నేను ఫెయిల్ చేసిన పిల్ల ఫలితాల రోజే ప్రాణం తీసుకుంది. ఆపైన నా మనసు నా చేతిలో లేదు. మళ్లీ అలా అయితే ఈసారి తేరుకోవడం కష్టమని డాక్టరు గుమ్మం బయట మనవరాలికి చెప్పాడు. నా చెవులకేం జబ్బు లేదు.

మనవరాలు ముందుగదిలో ట్యూషన్ చెబుతుంది. దిద్దడానికి రోజూ రెండు నోట్‌బుక్కులు ఇస్తుంది. ఎర్ర పెన్ను వద్దు, పెన్సిల్ చాలు అంది.

జూన్ 9

ఆకలి వేసింది. మనవరాలితో పోట్లాడాను కూడా. కోలుకుంటున్నావు అమ్మమ్మా, నోరు లేచింది అని మురిసిపోయింది.

జూన్ 14, ఉదయం 11

మనవరాలు బ్యాంకుకు వెళ్తూ కట్ట మొత్తం బల్ల మీదే మరిచిపోయింది. కట్ట విప్పితే, చివరిది దిద్ది మళ్లీ దారం కట్టేదాకా లేవను. సర్వీసంతా అదే పద్ధతి, అదే నా పొగరు. పద్నాలుగూ దిద్దేశాను. ఎనిమిదో దాని దగ్గరే దడ మొదలైంది. ఆపలేదు.

పదిహేనోది కూడా ఉంది. అట్ట మీద పేరు లేదు. ఏడు అంకెకు నడుము దగ్గర అడ్డగీత.

జూన్ 15

ఏడును అలా రాసేది ఆ పిల్ల ఒక్కతే.

జూన్ 16

అన్నం ఎందుకు వదిలేస్తున్నావని మనవరాలు నిలదీసింది. అజీర్తి అన్నాను. అబద్ధాలాడే పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని.

జూన్ 18, మధ్యాహ్నం 3

డాక్టరుగారికి ఫోన్ చేయనా అంది. నీ పెళ్లికి పిలుద్దువుగాని అన్నాను. నవ్వలేదు. పొద్దుటి నుంచి ఏం చేస్తున్నావు అమ్మమ్మా అని అడిగింది. కనబడటం లేదూ, దిద్దుతున్నాను అన్నాను. నోట్‌బుక్కులు మొన్ననే పిల్లలకు ఇచ్చేశాగా అంది. పదిహేనూ ఇచ్చావా అన్నాను. మన దగ్గరకు వచ్చేదే పద్నాలుగు మంది కదా అంటూ నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పెన్సిల్ తీసుకుంది.

బల్ల చెక్క నిండా నా టిక్కులే.

జూన్ 19

ఆ పిల్ల వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. మనవరాలు కాఫీ ఒక్కటే తెచ్చింది. ఇంకో కప్పు తెమ్మన్నాను.