ఉగ్గుగిన్నెడు నీళ్ళు

9 జూన్ 1998, మంగళవారం. పెద్దాపురం.

నిన్న నర్సింగ్ హోం నుంచి తెచ్చి అమ్మావాళ్ళింట్లో పడేశారు. పడేశారనే రాస్తాను. వెనకగది, రెండు కిటికీలూ బిగించేశారు. ఫ్యాన్ వెయ్యకూడదట. నెత్తికి గుడ్డ, చెవుల్లో దూది, పొట్ట చుట్టూ పాత చీరతో నడికట్టు, మంచం కింద కుంపటి. రోహిణి కార్తె వెళ్ళిపోయినా ఎండ వెళ్ళలేదు. పేపర్లో రోజూ వడదెబ్బ చావులు వేస్తున్నారు. నాకు మాత్రం చలి పడుతుందని వీళ్ళ భయం.

పాప బాగుంది. ఎర్రగా, కోపంగా ఉంది. నా పోలికే.

మామ్మ, అంటే నాన్న తల్లి అమ్మణ్ణిగారు, ఈ ఇంటికి హెల్త్ మినిస్టర్. మా పచారీ కొట్లో శొంఠి ఎక్కడుందో, పిప్పళ్ళు ఎక్కడున్నాయో నాన్న కంటే ఆవిడకే బాగా తెలుసు. ఇరవై పురుళ్ళు పోశానని చెప్పుకుంటుంది. ఆ బాలింతల్ని అడిగి చూసినవాళ్ళు ఎవరూ లేరు.

పథ్యం మొదలైంది. పాత బియ్యం అన్నం, వేయించిన వెల్లుల్లి కారం, చెంచాడు నెయ్యి. అంతే. పప్పు వాతం. పెరుగు చలవ. చారు పల్చన. చారు పల్చగా కాక ఎలా ఉంటుందని అడిగాను. ఎదురు మాటలు కూడా బాలింతకి పడవట.

10 జూన్, బుధవారం

హాల్లో అందరూ పెద్ద రసాలు పిండుకుని తింటున్నారు. వాసన తలుపు కింద నుంచి వస్తోంది. టెంక చీకుతున్న చప్పుడు నాన్నది.

11 జూన్, గురువారం

అసలు శత్రువు నీళ్ళు. పచ్చి బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారిపోతుందట, ఒళ్ళు నీరు పడుతుందట, పాపకి రొంప చేస్తుందట. శొంఠి వేసి మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు పూటకి కాసిని పోస్తారు. దేంతో కొలుస్తున్నారో రాస్తే రేపు నేనే నమ్మను. ఉగ్గుగిన్నెతో. పాపకని నాన్న వెండి ఉగ్గుగిన్నె చేయించారు, చిన్న ముక్కున్నది. పాప ఇంకా వాడలేదు. బోణీ నాది. మామ్మ నా నోటి దగ్గర పెట్టి పోస్తుంది. కాకినాడలో ఎమ్మెస్సీ చేసి, ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పే మధులత నోరు తెరుచుకుని పక్షిపిల్లలా తాగుతుంది.

తల్లిపాలలో ఎక్కువ భాగం నీరే అని ఏటా బోర్డు మీద రాసి అండర్‌లైన్ చేయిస్తాను. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందని ఇంతవరకు ఒక్క స్టూడెంటూ అడగలేదు. మామ్మా అడగలేదు.

డిశ్చార్జి చేస్తూ లేడీ డాక్టర్ నీళ్ళు బాగా తాగించండి, అన్నీ పెట్టండి అని స్పష్టంగా చెప్పింది. మామ్మ చేతులు జోడించి అలాగేనమ్మా అంది. ఆటో ఎక్కాక, ఆ పిల్లకింకా పెళ్ళే అవలేదు, పురుళ్ళ సంగతి దానికేం తెలుసు అంది.

నా ఒళ్ళు నీళ్ళు అడుగుతోంది మామ్మా, గొంతు ఎండిపోతోంది అన్నాను. బాలింత ఒంటికి బుద్ధుండదే అమ్మడూ, అది అడిగిందల్లా ఇవ్వకూడదు అంది. ఎంత ధీమాగా అందంటే, నా ఒళ్ళు ఆవిడ క్లాసులో వెనక బెంచీ స్టూడెంటు అన్నట్టు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అమ్మ ఎప్పుడూ గుమ్మంలోనే ఉంటుంది. వరహాలక్ష్మి అనే మనిషి ఈ ఇంటికి వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. అన్నేళ్ళలోనూ ఆవిడ మాట్లాడింది ఒకటే వాక్యం. అలాగే అత్తయ్యగారూ.

14 జూన్, ఆదివారం

ఉదయ్ వచ్చాడు. నా భర్త ఉదయ్‌భాస్కర్, ఇరిగేషన్‌లో జూనియర్ ఇంజనీరు, ధవళేశ్వరంలో. పాపని ఎత్తుకోవడం రాక ఫైలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కాలవలకి నీళ్ళు వదిలే టైము, సెలవు దొరకడం కష్టమైందని చెప్పాడు. ఏ లాకు దగ్గర ఎంత నీరు వదలాలో, శివారు పొలాలకి నీరు అందకపోతే రైతులు ఎలా గోల చేస్తారో వివరంగా చెప్పాడు. విన్నాను. నేనూ శివారు పొలాన్నే, కాసిని నీళ్ళు ఇప్పించండి అన్నాను.

నవ్వాడు. జోకనుకున్నాడు.

జోకు కాదని చెప్పాక మొహం సీరియస్‌గా పెట్టి హాల్లోకి వెళ్ళాడు. అక్కడ మామ్మ ఆయనకి గ్లాసుడు చెరుకు రసం, ముంజెలు, కోసిన మామిడిపండు పెట్టింది. అరగంట తర్వాత మూతి తుడుచుకుంటూ వచ్చి, పెద్దవాళ్ళు అనుభవంతో చెప్తారు మధూ, కొన్నాళ్ళు ఓర్చుకో అన్నాడు. రెండు జిల్లాలకి నీళ్ళు పంచే మనిషి. పెళ్ళానికి ఒక్క గ్లాసు సాంక్షన్ చేయించలేకపోయాడు.

15 జూన్, సోమవారం

పాప రాత్రి అంతా ఏడ్చింది. పాలు చాలడం లేదు.

16 జూన్, మంగళవారం

ఇవాళ ఏడవడం లేదు. అది ఇంకా భయంగా ఉంది. పట్టుకుంటే రెండు చప్పరింతలు చప్పరించి నిద్రపోతోంది. పొద్దున వేసిన గుడ్డ మధ్యాహ్నానికి కూడా పొడిగానే ఉంది. బుగ్గలు తగ్గాయి. ఆ మాట ఎవరూ పైకి అనడం లేదు.

పక్కింటి రత్తమ్మగారు చూడ్డానికి వచ్చింది. మామ్మ నా ముందే, దీనికి పాలు పడలేదండి, చదువుకున్నవాళ్ళకి అంతే, ఒంట్లో వేడంతా తలకెక్కిపోతుంది అని చెప్పింది. రత్తమ్మగారు చాలా జాలిపడింది. మా కోడలూ బీకాం అండి అంది.

సాయంత్రానికి పాలడబ్బా కొనుక్కొచ్చారు. పాప నోట్లో పెట్టగానే కక్కేసింది. నాకు కాయం ఉండ పెద్దది చేసి మింగించారు. శొంఠి, పిప్పళ్ళు, మోడి, బెల్లం, నెయ్యి. గొంతులో నిప్పు పెట్టినట్టుంది. పైన ఉగ్గుగిన్నెడు నీళ్ళు.

నాకు అందరి మీదా అసహ్యంగా ఉంది. ఎక్కువ అసహ్యం నా మీదే. వంటింట్లో బిందె ఉంది. నాకు కాళ్ళున్నాయి. లేచి వెళ్ళి గ్లాసు ముంచుకుని తాగితే నన్ను ఎవరైనా కొడతారా? కొట్టరు. ఒకవేళ పాపకి ఏదన్నా అయితే, అదిగో నీళ్ళు తాగింది అంటారు. నేను మామ్మకి భయపడ్డం లేదు. ఆ ఒక్క మాటకి భయపడుతున్నాను. ఎమ్మెస్సీ.

17 జూన్, బుధవారం. మధ్యాహ్నం

తాగాను!

రోజూ స్నానం మామ్మే చేయిస్తుంది. దొడ్లో స్నానాలగది, గంగాళం నిండా వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్ళు, వేడి తగ్గించి తొణపడానికి పక్కన బకెట్‌లో చన్నీళ్ళు. ఇవాళ మామ్మకి మోకాళ్ళ నొప్పి, అమ్మ పోసింది. సాంబ్రాణి తెస్తానని అమ్మ లోపలికెళ్ళింది. బకెట్ వైపు చూశాను. బకెట్లో నీళ్ళు చల్లగా, కదలకుండా ఉన్నాయి. చెంబుకి సున్నిపిండి అంటుకుని ఉంది. కడగలేదు. ముంచి తాగాను. మళ్ళీ ముంచాను. గెడ్డం మీంచి, మెడ మీంచి కారిపోతుంటే తాగాను. సున్నిపిండి రుచి పెసరట్టు పిండిలా ఉంది. నా జన్మలో ఇంత గొప్ప పదార్థం తినలేదు, తాగలేదు.

బకెట్ సగమైంది.

18 జూన్, గురువారం

పాప తుమ్మింది. ఒకసారి. గంటసేపు దాని ముక్కు చూస్తూ కూర్చున్నాను. లోపల ఎక్కడో మామ్మ కూర్చుని చెప్పానా అంటోంది. నా చదువంతా ఒక్క తుమ్ముకి ఎగిరిపోయింది.

మళ్ళీ తుమ్మలేదు. స్నానానికి వెళ్ళి మళ్ళీ తాగాను.

20 జూన్, శనివారం

స్నానాలగదిలో బకెట్ పక్కన ఇత్తడి చెంబు ఉంది. పైన పళ్ళెం మూత. తీసి చూస్తే కుండలోంచి తెచ్చిన నీళ్ళు. సున్నిపిండి లేదు, వావిలాకు లేదు. తాగే నీళ్ళు.

అమ్మ తలుపు బయట నిలబడి ఉత్త బకెట్లు అటూ ఇటూ పడేస్తోంది. ఎందుకా చప్పుడని విసుక్కున్నాను. గుటకలు వినపడకుండా అని తర్వాత తట్టింది.

తల తుడుస్తూ అమ్మ నెమ్మదిగా చెప్పింది. నిన్ను కన్నప్పుడు నాకెవరూ చెంబు పెట్టలేదమ్మా, బకెట్లోవే తాగాను అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మరి అందరి ముందూ ఎందుకు చెప్పవు, ముప్ఫై ఏళ్ళుగా నోట్లో ఏం పెట్టుకున్నావు అని అరిచినంత పని చేశాను. అమ్మ తువ్వాలు పిండి ఆరేసింది. చెప్తే ఇక్కడ కూడా ఒక మనిషిని కాపలా కూర్చోబెట్టేవారు అంది.



22 జూన్, సోమవారం

జాకెట్ తడిసిపోతోంది. పాప గుటకలు నాకు వినిపిస్తున్నాయి. ఇవాళ నాలుగు గుడ్డలు తడిపింది. నాలుగో గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని ఏడ్చాను. ఇలాంటి పని చేస్తానని ఎవరన్నా చెబితే నవ్వేదాన్ని.

మామ్మ చూసింది. మొహం వెలిగిపోయింది. చెప్పలేదూ, కాయం పట్టింది అంది. కొట్టు నుంచి నాన్నని పిలిచి మరీ చెప్పింది. నాన్న కాయం పొట్లాలు కట్టి కొట్లో అమ్మితే ఎలా ఉంటుందని అడిగారు.

స్నానం దగ్గర ఆలస్యమైతే అమ్మ కంగారుపడింది. మామ్మ పెరటి గుమ్మంలోకి వచ్చి, పోసుకోనీవే, తొందరేముంది అంది. ఇంత ఉదారత్వం ఎక్కడిదో! వయసు మీద పడి మతి తప్పుతోంది కాబోలు.

26 జూన్, శుక్రవారం

బారసాల. హరిచందన అని పేరు పెట్టాం. హాలంతా ఆడవాళ్ళు. మామ్మ మధ్యలో కూర్చుని పథ్యం మీద ఉపన్యాసం ఇచ్చింది. చూడండి తల్లీ పిల్లా ఎలా ఉన్నారో, చుక్క నీరు ముట్టనివ్వలేదు అంది. మా పిన్ని కూతురు చిన్నికి ఏడో నెల. కళ్ళప్పగించి వింటోంది.

లేచి నిలబడి అంతా అబద్ధం అని చెప్పాలనుకున్నాను. నిజంగా నోరు తెరిచాను. మామ్మ నా వైపు తిరిగి, దాన్నే అడగండి అంది. అందరూ చూశారు. అవును, పథ్యం వల్లే అన్నాను.

నోరు కడుక్కోవాలనిపించింది.

భోజనాలయ్యాక, చేతులు కడుక్కునే చోట చిన్నిని పక్కకి లాగాను. పురుడయ్యాక స్నానం తొందరగా ముగించకు అన్నాను. తెల్లబోయి చూసింది. చన్నీళ్ళ బకెట్ సంగతి, చెంబు సంగతి, బయట చప్పుడు చెయ్యడానికి ఒక మనిషిని పెట్టుకోవాల్సిన సంగతి విడమర్చి చెప్పాను. చెప్తూ చెప్తూ చూసుకుంటే నా గొంతు అచ్చం అమ్మ గొంతులా తగ్గిపోయి ఉంది.

12 మే 2004, బుధవారం. రాజమండ్రి.

మామ్మని మా ఇంటికి తెచ్చారు. గుండె డాక్టర్ ఇక్కడే కాబట్టి. అమ్మ తోడొచ్చింది. మామ్మ కాళ్ళు గుమ్మడికాయల్లా వాచిపోయాయి. ఒంట్లో నీరు చేరుతోంది, తాగేది అంతా కలిపి రోజుకి లీటరు దాటకూడదు అన్నాడు డాక్టర్. ఎన్నాళ్ళుంటుందంటే చెప్పలేనన్నాడు. అయినా లీటరే అన్నాడు.

సీసా మీద స్కెచ్ పెన్‌తో గీతలు గీశాను. పూటకి ఒక గీత. నాలుక పిడచ కట్టుకుపోతోందే, ఒక్క గుక్క అని మామ్మ పొద్దున్నుంచి అడుగుతూనే ఉంది. వద్దు మామ్మా, ఇప్పుడు నీ ఒంటికి ఏం కావాలో దానికి తెలీదు, అది అడిగిందల్లా ఇవ్వకూడదు అన్నాను.

అన్నాక విన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

17 మే, సోమవారం

మామ్మ మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నీళ్ళు అడగలేదు. స్నానం చేయించవే అమ్మడూ, మీ అమ్మని బయట నిలబడమను అంది.

గీజర్ వెయ్యలేదు. చెంబు కడిగాను. కొళాయి కింద సగం పట్టి ఆపాను. మామ్మ చూస్తోంది. నింపాను.