చెవిలో నరం

ఫిబ్రవరి 9

రాలీ వేటాడిన దుప్పి తల ఇవాళ మొదలుపెట్టాను. నవంబర్‌లో అతను కొట్టింది, కొమ్ములకి ఎనిమిది కొనలున్నది. స్కూల్ బస్సు నడుపుకునే మనిషి, ఇంత పెద్దది ఎప్పుడూ పడలేదు. విస్కాన్సిన్ రాష్ట్ర పోటీకి దీన్నే పెడతానంటే, కప్పు నువ్వు ఉంచుకో ఆర్లిస్, తల మాత్రం మా గోడకి రావాలి అన్నాడు.

కప్పు నాదే. వేటలో చచ్చిన జంతువు తలకి దాని తోలే తొడిగి ప్రాణం ఉన్నట్టు చెయ్యడం ముప్ఫై ఏళ్లుగా నా పని. కళ్లు, ముక్కు అందరూ చేస్తారు. చెవుల దగ్గరే దొరికిపోతారు.

ఫిబ్రవరి 11

చెవుల తోలు సాక్సు తిరగేసినట్టు తిరగేశాను. లోపలి మెత్తటి ఎముక తీసేశాను. దాని బదులు వెలుగు దూరేంత పల్చటి ప్లాస్టిక్ వస్తుంది.

డ్వైట్ కాఫీకి వచ్చాడు. నా దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు పోటీకొస్తున్నాడు. చెవులకే వారం పెడతావు, అందుకే నీకు కొత్త ట్రక్కు లేదు అన్నాడు. జడ్జి టార్చ్ వేసేది చెవిలోనయ్యా, ట్రక్కులో కాదు అన్నాను.

ఫిబ్రవరి 14, పొద్దున

ఎడమ చెవి కిటికీకి ఎదురుగా పట్టుకుని చూశాను. ఎండలో నిలబడ్డ దుప్పి చెవి ఎర్రగా వెలుగుతుంది, నరాలు కనిపిస్తాయి. అలా రావాలంటే తోలు ఇంకొంచెం పల్చనవ్వాలి.

మధ్యాహ్నం

చిరిగింది. అంగుళం మేర. కత్తి నాదే, చెయ్యీ నాదే.

ఫిబ్రవరి 15

ఫోన్‌లో చెప్పే మాట కాదని రాలీ ఇంటికే వెళ్లాను. నీ దుప్పి చెవి కోసేశాను అన్నాను. అతను కాఫీ పక్కన పెట్టి, తల కోసం ఖాళీ చేసిన గోడ వైపు చూశాడు. వాళ్లావిడ బెర్నిస్ ఊరుకోలేదు. ఆర్లిస్ చచ్చినదాని చెవే కోసింది, నువ్వు మంచు తోసే మెషీన్లో బతికున్న నీ కాలి వేలే కోసుకున్నావు అంది. అప్పుడు నవ్వాడు. కనబడుతుందా అని అడిగాడు.

కనబడదు అన్నాను. గొప్పకి కాదు. నేను కుడితే కనబడదు.

ఫిబ్రవరి 22

లోపలివైపు నించి కుట్టాను. కుట్టు మీద వెంట్రుకలు ఒక్కొక్కటే అతికించాను. మూడు రోజులు పట్టింది. నరాలు సన్న బ్రష్‌తో, పల్చటి ఎరుపులో. కుడి చెవి ముందుకి, ఎడమది వెనక్కి తిప్పాను, వెనక మంచులో ఎవరో అడుగేసినట్టు.

బాగుంది. చాలా బాగుంది.

మార్చి 5

పోటీ. హోటల్ హాల్లో అరవై తలలు. జడ్జి టార్చ్ పట్టుకుని ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చాడు. నా ఎడమ చెవి దగ్గర ఆగిపోయాడు. వెనక నించి వెలుగు వేశాడు. ఈ నడిమి నరం ఎలా వేశావమ్మా, పాతికేళ్లలో ఇలాంటిది చూడలేదు అన్నాడు. పెన్సిల్ కాగితం మీదికి వెళ్తోంది. డ్వైట్ పక్కనే ఉన్నాడు. నోరు మూసుకుంటే చాలు.

అది నరం కాదు, కుట్టు అన్నాను. కత్తి జారింది.

కళ్లజోడు తీసి మళ్లీ చూశాడు. మరి పక్కవో అన్నాడు. అవి నేను వేసినవి అన్నాను. కుట్టుకి మార్కులు తగ్గించాలి, రూలు అన్నాడు. తగ్గించండి అన్నాను.

రెండో బహుమతి. మొదటిది డ్వైట్‌కి.

సాయంత్రం బార్‌లో వాడే చేపల వేపుడు ఇప్పించాడు. ఎందుకు చెప్పావు, నేనైతే చచ్చినా చెప్పను అన్నాడు. తెలుసు అన్నాను. పొగడ్త నా బ్రష్‌కి రావాలి గానీ నా పొరపాటుకి వస్తే ఏం చేసుకోను? అది వాడికి చెప్పలేదు. నీ దుప్పి రెండు చెవులూ ఒకేలా నిక్కి ఉన్నాయి, చర్చిలో ముందు వరసలో కూర్చున్నట్టు, అన్నాను. వాడు తినడం ఆపేశాడు. వచ్చే ఏడు వాడి సంగతి చూస్తాను.

మార్చి 9

రాలీ ఇంట్లో తల తగిలించి వచ్చాను. కుట్టు ఎక్కడో వెతికి పట్టుకోలేకపోయాడు.

మార్చి 20

బెర్నిస్ ఫోన్ చేసింది. దుప్పి చెవుల కింద కూర్చుని టీవీ చూస్తూ రాలీ చిప్స్ ప్యాకెట్ చప్పుడు కాకుండా విప్పుకుంటున్నాడట.