వారానికి ఒక్క మోపు

కుప్పం దగ్గరి పల్లె నుంచి,
శుక్రవారం.

అమ్మకు, నీ పెద్దకొడుకు రెడ్డెప్ప నీ పాదాలకు మొక్కి రాసుకుంటున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఎర్రావు ఈనిందా? నాయన బీడీలు తగ్గించాడా, లేక నువ్వు అరవడం తగ్గించావా? ఈ ఉత్తరం నీకు చదివి వినిపించే చెల్లెలు లక్ష్మికి ఒక మాట: ఉన్నది ఉన్నట్టు చదువు తల్లీ, నీ సొంత మాటలు కలపొద్దు.

మన పెద్దతిప్పసముద్రంలో బస్సెక్కి, మదనపల్లెలో మారి, పుంగనూరు దాటేసరికే ఇంటిమీద బెంగ పట్టుకుందని పోయిన ఉత్తరంలో రాశాను. అది ఇంకా వదల్లేదు. ఈ అడవి వాచరు పనిలో చేరి మూడు నెలలైంది. పొద్దున గుట్ట ఎక్కడం, సాయంత్రం దిగడం. ఇక్కడి మాటల్లో సగం అరవం, పావు కన్నడం, మిగిలింది మన తెలుగు. జలుబు కూడా వదలడం లేదు, రోజూ చన్నీళ్ళ స్నానం కదా. కంగారుపడొద్దు, బాగానే ఉన్నాను. ఆ చన్నీళ్ళ సంగతే రాయాలి.

పోయిన నెల మా ఆఫీసరు బడి దగ్గర మీటింగు పెట్టాడు. కట్టెలు కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పైకి పోతుందట, దానితో భూమంతా వేడెక్కుతుందట. అందుకని ఇకమీద ఇంటికి వారానికి ఒక్క మోపే, అదీ ఎండుపుల్లలే అన్నాడు. స్నానానికి నీళ్ళు కాచుకోవడం దుబారా, మానేయండి, ముందు వాచర్లు చేసి చూపాలి అన్నాడు. అప్పుడు మునెమ్మవ్వ లేచింది. నాకు రెండు పూటలా సంగటి పెట్టేది ఆమే.

"సారూ, మా పొయ్యి పొగకే భూమి కాలిపోతాండాదా? పొద్దస్తమానం ఈ దోవనే లారీలు పోతాండాయే, వాటి పొగ యాడికి పోతాది?"

బడి అయ్యవారు ఊరుకోలేదు. "లారీల సంగతి సరే అవ్వా. మన గుట్ట సూడు, గుండు గీసినట్టు ఉండాది. బావి ఎండిపోయి మూడేండ్లాయ. మనం కాకుంటే ఎవురు నరికినారు?"

"మేమే నరికినాం అనుకో. మా ఇంట్లో మనవరాలు బాలింత ఉండాది. దానికి చన్నీళ్ళు పొయ్యమంటావా? నీ పెండ్లానికి పోసినావా?"

అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. మాట మీరిన వాళ్ళ పేర్లు నోటుబుక్కులో ఎక్కుతాయి, వాళ్ళకు ఉచిత గ్యాసు పొయ్యి రాదు అని చెప్పాడు. పేర్లు సరిగ్గా రాస్తే పర్మనెంటు చేయిస్తానని నాతో విడిగా చెప్పి జీపెక్కాడు. అయ్యవారి మాటా నిజమే, అవ్వ మాటా నిజమే. గుట్ట ఎక్కుతున్నంతసేపూ నాకు అయ్యవారు చెప్పింది కనిపిస్తుంది, దిగి వచ్చి ఆకలితో కూర్చుంటే అవ్వ చెప్పింది గుర్తొస్తుంది. ఆలోచించీ ఆలోచించీ అలసిపోయానమ్మా.

నిన్న మునెమ్మవ్వ ఈ వారంలో రెండో మోపుతో గుట్ట కింద ఎదురైంది. దాక్కోలేదు కూడా. "ఈ పొద్దు బాలింతకు తలకు నీళ్ళు పొయ్యల్ల నాయనా," అంది. రూలు రూలేనని మోపు దించి, తీసుకుపోయి ఆఫీసు గదిలో వేశాను. పేరు తిని వచ్చాక రాద్దామనుకున్నాను. నా బుద్ధి చూడు, నేరుగా పోయి ఆమె ఇంట్లోనే కంచం ముందు కూర్చున్నాను!

చెంబుతో నీళ్ళు పెట్టింది. సంగటి రాలేదు. పొయ్యిలో పిల్లి లేవలేదు. బాలింత తలనిండా నూనె పెట్టుకుని వాకిలి దగ్గర కూర్చుని ఉంది.

"కట్టెలు నీ తాన ఉండాయి గదప్పా. సంగటి యాడ్నించి వస్తాది?" అంది అవ్వ. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

లేచి ఆఫీసుకు పోయి, ఆ మోపు నా నెత్తిన పెట్టుకుని నడివీధిలో మోసుకొచ్చాను. ఊరంతా చూసింది. పొయ్యి నేనే రాజేశాను. తర్వాత నోటుబుక్కు తీసి, ఎక్కువ మోపు మోసినవాడి పేరు దగ్గర రెడ్డెప్ప అని రాశాను. ధైర్యం కాదమ్మా, విసుగు.

సోమవారం ఆఫీసరు బుక్కు చూస్తాడు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నువ్వు దిగులుపడొద్దు, బాగానే ఉన్నాను. ఒక దుప్పటి, కాస్త చెనిక్కాయల పొడి పంపమని రాద్దామనుకున్నాను, సోమవారం దాకా ఆగు. పెద్దమ్మకు, మామకు నా నమస్కారాలు చెప్పు. నాయనకు ఈ నోటుబుక్కు సంగతి మెల్లగా చెప్పు.

నువ్వు వారానికి ఎన్ని మోపులు తెస్తున్నావో నేను ఇంతవరకూ అడగలేదు, అడగను. ఒకవేళ నేను పెట్టె పట్టుకుని వచ్చేస్తే ఆ రోజు తిట్టొద్దు. కాగు నిండా వేన్నీళ్ళు కాచి పెట్టమ్మా, అంతే చాలు.

మీ ఇద్దరి దీవెనే అండగా,
నీ బిడ్డ
రెడ్డెప్ప